సంస్థను నిలబెట్టే అలవాట్లు

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

గిద్దలూరులో స్వచ్ఛంద సంస్థ బాధ్యత చేపట్టబోయే వారెవరైనా ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. లాభాపేక్ష లేని సంస్థ జనం నమ్మకం మీద బతుకుతుంది కనుక, ఆ నమ్మకాన్ని కాపాడే నైతిక సంస్కృతే, అంటే లెక్క చెప్పడం, తప్పు దాచకపోవడం, బలహీనులను ఒత్తిడి చేయకపోవడం నిత్యం పనిలో అలవాటు కావడమే దానికి మూలధనం.

ఇందుకు ఆంధ్రప్రదేశ్‌లోని సూక్ష్మరుణ సంస్థల చరిత్రే సాక్ష్యం. హామీ అడగకుండా పేదలకు చిన్న అప్పులిచ్చే ఈ సంస్థల్లో కొన్ని సేవాసంస్థలుగానే పుట్టి, తర్వాత కంపెనీలుగా మారాయి. 2006లో కృష్ణా జిల్లాలో బలవంతపు వసూళ్లపై ఫిర్యాదులు వచ్చి అధికారులు దాదాపు 50 శాఖలను మూయించినప్పుడు ఈ రంగం ప్రవర్తనా నియమావళి రాసుకుంది గాని, ఎన్ని అప్పులిస్తే అంత గొప్పనే ధోరణి మాత్రం మారలేదు. ఒకే ఇంటికి నాలుగైదు అప్పులు చేరడం, ఒకరి వాయిదాకు తోటివారంతా పూచీపడే ఉమ్మడి బాధ్యత వేధింపుగా మారడం, ఆత్మహత్యల వార్తలు రావడంతో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. హెచ్చరిక వచ్చినా పాఠం నేర్వకపోతే నియమావళి కాగితంగానే మిగులుతుంది.

పొదుపు సంఘాల మహిళలు పంచసూత్రాలు అని చెప్పుకునేవి, అంటే క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ, నమ్మకాన్ని కాపాడే అలవాట్లకు మంచి రూపం. సమావేశంలో ఒక్కొక్కరి పేరు పిలిచి పొదుపెంతో, బాకీ ఎంతో పైకి చదివితే, చదువురాని సభ్యురాలు సైతం తన లెక్క విని అక్కడికక్కడే సరిచేయిస్తుంది. వానలు తప్పి, బోర్లెండి, మార్కాపురం, గిద్దలూరు పల్లెల నుంచి కుటుంబాలు వలసపోయే ఏడాదిలో వాయిదా ఎందుకు ఆగిందో అడిగి తెలుసుకుని, గడువు మార్చి, ఆ కారణాన్ని తీర్మానాల పుస్తకంలో రాసుకోవడమే అభ్యసనం, అంటే అనుభవాన్ని మరుసటి నిర్ణయంలోకి తెచ్చుకోవడం.

విరాళాల విషయంలోనూ దూరపు నిధి కంటే ఊరి నమ్మకమే ఆధారం కావాలి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వరాదని నిషేధించి, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. దాంతో పెద్ద సంస్థల ద్వారా అందే నిధిపైనే ఆధారపడిన చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది.

కనుక ఈ బాధ్యత చేపట్టే మేనకోడలు మొదటి ఏడాదిలోనే ప్రతి ఊళ్లో జమాఖర్చులు చదివి వినిపించే పద్ధతి పెట్టాలి; తప్పు చెప్పిన ఉద్యోగిని శిక్షించకుండా, దాచినవారిని మాత్రం ఉపేక్షించకుండా చూడాలి; ఎంత కొద్దిగానైనా స్థానిక విరాళాలు సమకూర్చుకోవాలి. ఆపద వచ్చిన రోజున సంస్థ పక్షాన మాట్లాడవలసింది దాని లెక్కలు విన్న ఊరివాళ్లే.

ఇట్లు,
ఆశీస్సులతో మేనమామ,
మార్కాపురం