ఖాళీ గోనెకు వెల

సరుకు దిగిన సంచి వెనక్కి రావాలి, మళ్లీ నిండాలి అని ఇప్పుడు కామర్సు వాళ్లు పాఠంగా చదువుతున్నారు. మన సింధనూరు, మాన్వి వైపు వడ్ల బస్తాకు ఇది కొత్త సంగతేం కాదు. అది ఎందుకు తిరిగొచ్చేదో మన మాటల్లోనే కొంత దొరుకుతుంది. అందుకే తెలుగు గోడపత్రికకు రాస్తున్నాను.

గోనెకు సంస్కృతంలో గోణి. కన్నడంలోనూ గోణి చీల అంటారు కదా. ఇంగ్లీషు ‘గన్నీ’ ఇక్కడి నుంచి పోయిన మాటే. పాణిని సూత్రాల్లో గోణి ఉంది. దానికి వ్యాఖ్యాతలిచ్చిన ఉదాహరణ ‘పంచగోణిః’, అంటే అయిదు గోనెలిచ్చి కొన్నది. సంచే ధర! తెలుగులో పెరిక అని ఇంకో మాట ఉంది: ఎద్దు వీపు మీద వేసే గోనె. ఉప్పూ ధాన్యమూ పెరికెద్దుల మీదే ఊళ్లు దాటేవి. సంచి పోతే మళ్లీ బేరానికి పోయేదెట్లా? ఎద్దుతో పాటే అదీ ఇల్లు చేరేది.

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న క్యాంపుల్లో మాదీ ఒకటి. గోనె సంగతి మా నానమ్మను అడిగితే చాలు. వడ్లతో మిల్లుకు పోయిన సంచి ఖాళీగా ఇంటికి రావాల్సిందే. చిరిగితే దబ్బనం, పురికొస తీసేది. కుట్టుకూ ఆగకపోతే నాలుగైదు విప్పి కలిపి పట్టా చేసేది. ఆఖరికి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోడానికి. పాత సంచులు కొనేవాడు వీధిలోకొస్తే బేరం గంటసేపు!

ప్లాస్టిక్ సంచి చవక, తేలిక, తడికి చీకదు. ఒప్పుకోవాలి. గోనెను ఎండబెట్టి దులపకపోతే కుట్లలో దాగిన పురుగు కొత్త ధాన్యానికి ఎక్కుతుంది కూడా. కానీ ప్లాస్టిక్‌ది ఎండలో పడుంటే పొడిపొడిగా రాలిపోతుంది. కొత్తదే అంత చవకైనప్పుడు పాతదానికి ఏం వస్తుంది? మా వైపు గట్ల మీద వేసి తగలబెడుతున్నారు. ఆహార ధాన్యాలకు, పంచదారకు జనపనార సంచులే వాడాలని 1987లో చట్టం వచ్చింది. ఇప్పటి లెక్క ధాన్యానికి 100 శాతం, పంచదారకు 20 శాతం. అయితే అది సంచి దేనితో చెయ్యాలో చెబుతుందిగానీ, ఖాళీదాన్ని ఎవరు వెనక్కి తీసుకోవాలో చెప్పదు. నా మటుకు అసలు చిక్కు అక్కడే ఉంది. గోలీసోడా సీసాకు డిపాజిట్ పెట్టినట్టు, సంచి తెచ్చిస్తే ఇంత అని కొనేవాళ్లు ముందే రేటు కడితే, అది ఏ రకం సంచైనా గట్టు మీద మిగలదు.

ఇప్పుడు కోత మిషన్ నుంచి వడ్లు నేరుగా ట్రాక్టర్ ట్రక్కులో పడుతున్నాయి. అయినా రేటు చెప్పేది 75 కిలోల బస్తాకే. నాన్న లెక్కా ఎకరానికి ఇన్ని బస్తాలనే. సంచి లేని బస్తా! పాత వైద్య గ్రంథాల కొలతల్లో గోణి కూడా ఇలాగే చేరింది.