సైనికుల భార్యలు, విడాకులు పొందినవారు: పింఛను హక్కుల పరిచయం

మన అనంతపురపు పీఠభూమిలో వీరగల్లులు చూడనివారు అరుదు. పశువులను మళ్ళించబోయి, ఊరిని కాపాడబోయి ప్రాణం విడిచినవానికి ఊరివారు నిలిపిన రాళ్ళవి. రాయి పోయినవానికి, మరి మిగిలినవారికి? శాసనాలలో రక్తమాన్యమనీ, నెత్తురుగొడగె అనీ కనిపించే భూదానం వారి కొరకే. నేటి కుటుంబ పింఛను ఆ మాన్యానికి వారసురాలని మేము భావిస్తున్నాము. వానను నమ్మి వేరుశనగ వేసే చిలమత్తూరు వంటి చోట నెలనెలా తప్పక వచ్చే రూకల విలువ వేరే చెప్పవలసిన పని లేదు. పింఛనుపై కలిపి ఇచ్చే సొమ్మును తెలుగులో కరువు భత్యమంటాము. ఆ మాటకు ఇక్కడ రెండర్థాలు.

ఈ వ్యాసానికి కారణం తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థిని మమ్ములను అడిగిన ప్రశ్న. ఆమె తండ్రి సైన్యంలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. తల్లికి విడాకులిచ్చి మరల నికాహ్ చేసుకున్నాడు, ఇటీవల మరణించాడు. “అమ్మకు ఏమీ రాదన్నారు సార్, నాకైనా వస్తుందా?” అని ఆమె అడిగింది. వెంటనే బదులు చెప్పలేకపోయాము. నియమాలు తిరగవేసిన మీదట తెలిసిన సంగతులివి.

ముందుగా భార్యగా ఉండగా భర్తను కోల్పోయిన స్త్రీ విషయం. మరణకారణాన్ని బట్టి పింఛను మూడు తరగతులు. సేవతో సంబంధం లేని మరణానికి సాధారణ కుటుంబ పింఛను, అనగా చివరి వేతనంలో 30 శాతం. ఉద్యోగంలో ఉండగా మరణించినట్లయితే మొదటి 10 ఏళ్ళు 50 శాతం. సైనిక సేవయే కారణమైన మరణానికి ప్రత్యేక కుటుంబ పింఛను, 60 శాతం. యుద్ధంలోనో, శత్రుచర్యలోనో మరణించినవాని భార్యకు ఉదార కుటుంబ పింఛను. అది చివరి వేతనమంత. 1971 యుద్ధానంతరం 1972లో ఈ ఉదార పద్ధతి వచ్చింది. 2016 నుండి కనీస కుటుంబ పింఛను 9,000 రూపాయలు, దానిపై కరువు భత్యం.

వితంతువు మరల పెళ్ళాడితే? సంతానం లేని వితంతువు పునర్వివాహం చేసుకున్నప్పటికీ, ఆమె ఇతర ఆదాయం కనీస పింఛను స్థాయిని మించనంతవరకు కుటుంబ పింఛను ఆగదు. శౌర్య పతకంతో వచ్చే నెలసరి భృతి విషయంలో మాత్రం చాలాకాలం ఒక వింత షరతు ఉండేది: ఆమె మరిదినో బావనో పెళ్ళాడితేనే భృతి కొనసాగేది. ఆ షరతును 2017 నవంబరులో తొలగించారు. ఇంత ఆలస్యమేలనో మాకు బోధపడలేదు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం వారికి ఈ మూడు పింఛన్లలో ఏదీ లేదు. 2025 మే 9న సరిహద్దులో అమరుడైన అగ్నివీర్ మురళీ నాయక్ మన పొరుగున గోరంట్ల మండలంలోని కల్లి తండా బిడ్డ. అగ్నివీరునికి 48 లక్షల బీమా, విధినిర్వహణలో మరణిస్తే 44 లక్షల పరిహారం కలవు. నెలనెలా వచ్చేది లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షల రూపాయలతో పాటు 5 ఎకరాల భూమి ప్రకటించింది. రక్తమాన్యం మరల భూమి రూపంలోనే వచ్చిందన్నమాట.

ఇక విడాకులు పొందిన స్త్రీ. ఉర్దూలో బేవా వేరు, ముతల్లఖా వేరు. మన పింఛను నియమాలలోనూ అంతే. భర్త మరణించిన నాటికి భార్యగా ఉన్నదా అన్నదే ప్రశ్న. ఆయనతో ఎన్నేళ్ళు కాపురం చేసిందన్నది లెక్కలోకి రాదు. ఇరవై ఏళ్ళు కంటోన్మెంటు క్వార్టర్లలో గడిపిన స్త్రీకైనా విడాకులతో కుటుంబ పింఛను హక్కూ, మాజీ సైనికుల వైద్య సౌకర్యమూ పోతాయి. అమెరికాలో 1982 చట్టం ప్రకారం సైనికుని విశ్రాంతి వేతనాన్ని విడాకుల సమయంలో భార్యకు పంచే అధికారం కోర్టులకు కలదు. ఇరవై ఏళ్ళ వివాహం, ఇరవై ఏళ్ళ సేవ, ఆ రెండూ కలిసి నడిచిన కాలం ఇరవై ఏళ్ళు అయితే వైద్య సౌకర్యం కూడా నిలుస్తుంది. మనకు అట్టి నియమం లేదు.

మనకున్నది భరణం. 1985లో షాబానో తీర్పు, 1986లో ముస్లిం స్త్రీల చట్టం, 2001లో డేనియల్ లతీఫీ తీర్పు వరుసగా వచ్చాయి. ఇద్దత్ కాలంలోనే భావిజీవితానికి తగినంత ఏర్పాటు భర్త చేయవలెనని 2001 తీర్పు చెప్పింది. తెలంగాణ నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరు స్త్రీల వలెనే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను క్రింద భరణం అడగవచ్చునని స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుండి ఆ సెక్షను భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వదిగా ఉన్నది.

సైనికుని విషయంలో మరొక మెలిక కలదు. 1950 సైనిక చట్టం 28వ సెక్షను ప్రకారం సివిలు, రెవెన్యూ కోర్టులు అతని జీతాన్ని జప్తు చేయరాదు. దానికి బదులుగా 90, 91 సెక్షన్లు భార్య, పిల్లల పోషణకై జీతం నుండి కోత విధించే అధికారం సైన్యానికే ఇచ్చాయి. కనుక సేవలో ఉన్న భర్త వదలివేసిన స్త్రీ అతని యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు అర్జీ రాయుటలో తోడ్పడతారు. చట్టంలోని మాట భార్య అని ఉన్నది గనుక విడాకులకు ముందే అర్జీ పెట్టుట మేలు. పిల్లల హక్కు విడాకులతో పోదు.

మా విద్యార్థిని ప్రశ్నకు సమాధానం ఇక్కడే కలదు. మరణించినవానికి వితంతువు ఉండి, విడాకులు పొందిన భార్య వలన అర్హత గల సంతానం కూడా ఉంటే, ఆ తల్లికి విడాకులు కాకుండా ఉన్నట్లయితే ఏ వాటా వచ్చేదో ఆ వాటా ఆ సంతానానికి చెందుతుంది. ముస్లిం సైనికునికి ఇద్దరు భార్యలుంటే పింఛను సమభాగాలు. కావున మా విద్యార్థినికి సగం రావలెను. వివాహం, సొంత సంపాదన, వీటిలో ఏది ముందైతే అంతవరకు. తల్లికి మూసిన తలుపు కుమార్తెకు తెరిచి ఉన్నది. ఈ సంగతి ఆ ఇంట ఎవరికీ తెలియదు.

మరొక తలుపు కూడా ఉన్నది. సైనికుని కుమార్తె విడాకులు పొంది పుట్టింట ఆధారపడి ఉంటే, 25 ఏళ్ళు దాటినా తండ్రి కుటుంబ పింఛనుకు అర్హురాలు కావచ్చును. విడాకులు తల్లిదండ్రులు జీవించి ఉండగా జరిగి ఉండవలెను, లేదా కనీసం వ్యాజ్యమైనా అప్పటికే కోర్టులో దాఖలై ఉండవలెను. 2017 ఉత్తర్వులు ఈ సడలింపునిచ్చాయి. అయితే నియమం కోర్టు తేదీని చూస్తుంది. ఖాజీ సమక్షంలో ఖులా పొంది ఊరుకున్నవారికి ఇక్కడ చిక్కు రావచ్చును. వారు తల్లిదండ్రులు జీవించి ఉండగానే కోర్టు ద్వారా ధ్రువీకరణ పొందుట మంచిది.

చిక్కులలో సగం కాగితాలవే. సైనికుని వివాహం, పిల్లల పుట్టుక అతని యూనిట్ ద్వారా పార్ట్ టూ ఆర్డరులో నమోదు కావలెను. నికాహ్‌నామా ఉర్దూలో ఉండి, పేరు ఒకచోట బీబీ అనీ మరొకచోట బేగం అనీ ఉంటే ఏళ్ళ తరబడి దస్త్రం కదలదు. కళాశాల కమిటీ వారు అనుమతిస్తే, నెలకొక శనివారం సైనిక కుటుంబాల నికాహ్‌నామాలను అనువదించి, ఆధార్‌లోని పేరుతో సరిచూసి ఇచ్చే పనిని ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి చేయగలవు. మొదటి దస్త్రం మా విద్యార్థినిదే. అర్జీ నకలు సిద్ధంగా ఉన్నది.