నలుపు తెలుపు కదిలే బొమ్మలు: ఒక తరగతి అనుభవం

1908వ సంవత్సరం అనగానే హైదరాబాదు వారికి మూసీ వరద జ్ఞాపకం వస్తుంది. సెప్టెంబరు 28వ తేదీన నది నగరాన్ని ముంచెత్తింది. దానికి సరిగా ఆరు వారాల ముందు, ఆగస్టు 17న, పారిస్ నగరంలో ఎమిల్ కోల్ అనే చిత్రకారుని చిత్రం ఒకటి ప్రదర్శితమైంది. దాని పేరు 'ఫాంటాస్మగోరి'. నిడివి రెండు నిమిషాలైనా లేదు. చేతితో గీసిన బొమ్మలతో తయారైన కదిలే చిత్రాలలో దీనిని మొట్టమొదటిదిగా చాలామంది చరిత్రకారులు పేర్కొంటారు.

కోల్ ఇందుకోసం సుమారు 700 బొమ్మలు గీసి, ఒక్కొక్కదానిని రెండేసిసార్లు ఫోటో తీశాడు. తెల్ల కాగితంమీద నల్లని గీతలు గీసి, ఫిల్మును నెగటివుగానే ముద్రించటంచేత, తెరమీద అవి నల్లబల్లపై సుద్దముక్క గీతలవలె కానవస్తాయి. బోధనవృత్తిలో ఉన్నవాణ్ణి గనుక కాబోలు, దానిని చూసినప్పుడెల్లా మాస్టారు రాకముందు పిల్లవాడెవడో బల్లమీద గీసిన బొమ్మ తానై లేచి నడిచినట్లు తోస్తుంది. చివర విదూషకుడు కిందపడి ముక్కలైతే చిత్రకారుని చేతులు తెరమీదికి వచ్చి అతనిని అతికిస్తాయి. ఆ చేతులను విద్యార్థులు జ్ఞాపకముంచుకోవలెను. వాటితో మనకు ముందుముందు పని ఉన్నది.

గత విద్యాసంవత్సరంలో ఒక శనివారం మధ్యాహ్నం మా తరగతి వారికి ఇటువంటి చిత్రాలు కొన్ని చూపించాను. ఆ ఉదయం మల్కాజ్‌గిరి నుండి తార్నాక మీదుగా బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఒకటే సందేహం. అరచేతిలోని ఫోనులో రంగుల ప్రపంచాన్ని చూసే ఈ పిల్లలు శతాబ్దం నాటి నలుపు తెలుపు బొమ్మలను ఓపికగా చూస్తారా?

చూశారు. ముఖ్యంగా విన్సర్ మెకే 1914లో తీసిన 'గర్టీ ది డైనోసార్'ను చూశారు. మెకే దీనిని మొదట నాటకశాలలలో తెర ప్రక్కన స్వయంగా నిలబడి, కొరడా పట్టుకొని, ఆ జంతువును ఆజ్ఞాపిస్తూ ప్రదర్శించేవాడు. గర్టీ మాట వింటుంది, మొండికేస్తుంది, గద్దిస్తే ఏడుస్తుంది, దప్పిక వేసి చెరువునంతా త్రాగేస్తుంది. ఒక విద్యార్థిని "సార్, వెనుక రాళ్లెందుకు వణుకుతున్నాయి?" అని అడిగింది. మంచి ప్రశ్న. పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకపై పాత్రను మాత్రమే గీసి, దృశ్యాన్ని అడుగున స్థిరంగా ఉంచే పద్ధతిని మెకే ఈ చిత్రానికి వాడలేదు. అందుచేత కొండలను, రాళ్లను ప్రతి కాగితంమీదా మళ్లీ గీయవలసి వచ్చింది. ఆ పని ఒక సహాయకుడు చేశాడు. ఎంత శ్రద్ధగా గీసినా మానవహస్తం ఒకే గీతను రెండుసార్లు అచ్చంగా గీయలేదు. ఆ వణుకు ఒక మనిషి శ్రమకు సాక్ష్యం. నేటి యంత్రం దానిని దోషమని దిద్దివేస్తుంది. నాకు మాత్రం దిద్దని గర్టీయే ఇష్టం.

ఫీలిక్స్ పిల్లి తోకను ఊడదీసి పనిముట్టుగా వాడుకుంటే తరగతి గొల్లుమన్నది. మన తోలుబొమ్మలాటలో కేతిగాడిని ఎరిగినవారికి ఈ వింత శరీరం కొత్త కాదు. 1928 నవంబరు 18న విడుదలైన 'స్టీమ్‌బోట్ విల్లీ'లో మికీ మౌస్ ఆవు పళ్లను వాద్యంగా వాయిస్తాడు. ధ్వనికి బొమ్మ అడుగడుగునా తాళం తప్పకుండా నడుస్తుంది. 2024 జనవరి 1 నుండి అమెరికాలో ఈ చిత్రంపై కాపీహక్కు తొలగిపోయింది.

తరువాతి చిత్రం 1929 నాటిది: 'బాస్కో, ది టాక్-ఇంక్ కిడ్'. హ్యూ హార్మన్, రుడాల్ఫ్ ఐసింగ్ అనేవారు దానిని నమూనాగా తయారుచేశారు. ఇందులోనూ చిత్రకారుడు బల్ల ముందు కూర్చుని, కలంతో బాస్కోను పుట్టిస్తాడు. బాస్కో నల్లజాతి బాలునికి వికృతరూపం. పెద్ద పెదవులు, విరిచి పలికే దక్షిణ ప్రాంతపు యాస. ముఖానికి మసి పూసుకొని నల్లవారిని వెక్కిరించే అమెరికను రంగస్థల వినోదంనుండి వచ్చిన వేషమది. మికీ తరువాతి చిత్రాలలో తొడుక్కున్న తెల్ల చేతితొడుగులకు కూడా మూలం అక్కడే ఉన్నదని పలువురు పండితుల అభిప్రాయం.

గదిలో నవ్వు సన్నగిల్లింది. వెనుక బెంచీ విద్యార్థి ఒకడు లేచి, "సార్, దీనికి నవ్వాలా?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలుగు నాటకాలలో, చలనచిత్రాలలో చాలాకాలంగా ఒక సాయిబు పాత్ర ఉన్నది. 'నీకి', 'నాకి' అంటాడు, విభక్తులు తప్పుతాడు, ప్రేక్షకులు నవ్వుతారు. నేను ఎం.ఏ. తెలుగు చదివే రోజులలో వ్యాకరణం పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చినప్పుడు, ఒక మిత్రుడు ఆ యాసలోనే నన్ను అభినందించాడు. అతనికి ద్వేషం లేదు. నేనుకూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు. ఈ సంగతి ఆ రోజు తరగతిలో చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు.

ఇటువంటివాటిని దాచివేయటం ఒక మార్గం. 1968లో అమెరికాలో వార్నర్ సంస్థవారి పాత కార్టూనులలో పదకొండింటిని ఈ కారణంచేతనే టెలివిజన్ ప్రసారంనుండి తొలగించారు. చిన్నపిల్లల ముందు వాటిని వేయకూడదన్నమాట సమంజసమే. కళాశాల విద్యార్థి మాత్రం చూడాలి, ప్రక్కన చెప్పేవారుండగా చూడాలి అని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ కాలపు గీతలోనే మరొకటికూడా ఉన్నది. మాక్స్ ఫ్లైషర్ 1917లో పేటెంటు పొందిన రోటోస్కోపు అనే సాధనంతో, నిజమైన మనిషి నడకను ఫిల్ముమీద తీసి, దానిని గాజుపై ప్రసరింపజేసి, ఒక్కొక్క ఫ్రేమునూ గీతలోకి ఎక్కించవచ్చును. 1932 నాటి బెట్టీ బూప్ చిత్రం 'మిన్నీ ది మూచర్'లో మొదట నల్లజాతి గాయకుడు కాబ్ కాలోవే స్వయంగా తెరపై అడుగులు వేస్తాడు. తరువాత గుహలో ఒక వాల్రస్ దయ్యం అవే అడుగులతో జారుతూ పాడుతుంది. రూపం దయ్యానిది, లయ, నడక ఆ కళాకారునివి. దీనిని మా వాళ్లు మూడుసార్లు వేయించుకున్నారు.

మన దేశపు తొలి ప్రయత్నాలను చూపుదామంటే చేతికి దొరకవు. దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను కదిలించి తీసిన 'అగ్‌కాడ్యాంచీ మౌజ్' నేడు లభ్యం కాదు. కలకత్తా న్యూ థియేటర్స్ వారి 'ది పీ బ్రదర్స్' 1934 నాటిది. ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ విభాగం 1956లో మొదలైంది. అందులో పని నేర్చిన రామ్‌మోహన్ 1968లో మన తెలుగువాడైన ఎల్.వి. ప్రసాద్‌గారి ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ శాఖకు అధిపతి అయ్యాడు. 1972లో సొంత సంస్థ పెట్టుకున్నాడు. ప్రసాద్‌గారి పేరు మన విద్యార్థులకు ఐమాక్స్ వల్ల మాత్రమే తెలియటం విచారకరం.

ఫాల్కే సంగతి విన్న వారం తరువాత, 'నవ్వాలా?' అని అడిగిన విద్యార్థి, అతని స్నేహితుడు ఒకడు నా గదికి వచ్చారు. బల్లమీద అగ్గిపుల్లలు పరచి, సెల్‌ఫోనుతో 240 ఫోటోలు తీశారట. సెకనుకు పన్నెండు చొప్పున అది ఇరవై సెకన్ల చిత్రం. పుల్లలు వరుసకట్టి, ఒక మనిషి ఆకారమై, సలాము చేస్తాయి. మధ్యలో ఒకచోట బొటనవ్రేలు తెరమీద కనిపించింది. "అది తీసేయమంటారా సార్?" అని అడిగారు. ఉంచమన్నాను.