పాఠం 14 : రంగు వేయని పెన్సిలు – పరిశీలన, పోలిక

14.1 పరిచయం

పలక మీద బలపంతో ఓనమాలు దిద్దిన తరువాత మన చేతికి అందే పరికరం పెన్సిలు. మధ్యలో చదువు ఆపి, చాలా ఏళ్ల తరువాత మళ్లీ రాయడానికి కూర్చున్నవారు కూడా ముందుగా దానినే అందుకుంటారు. రెండు పంక్తులు రాసేసరికి మొన పుటుక్కున విరుగుతుంది. చెక్కితే మళ్లీ విరుగుతుంది. "నా చేయి మొరటుదైపోయింది, ఇక నాకు రాత రాదు" అనుకుంటారు. తొందరపడకండి. తప్పు చేతిదా, పెన్సిలుదా అన్నది పరీక్షించి తెలుసుకోవచ్చు. ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పెన్సిలు ఎలా తయారవుతుందో వివరించగలుగుతారు.
• పెన్సిలు మీది గుర్తుల అర్థం చెప్పగలుగుతారు.
• పెన్సిళ్లను సేకరించి, ఒక పద్ధతి ప్రకారం పోల్చగలుగుతారు.

14.3 లోపలి కడ్డీ

వాడుకలో 'సీసం' అంటాము గాని పెన్సిలులో సీసం లేదు. ఉన్నది గ్రాఫైట్. ఇది కర్బనం యొక్క ఒక రూపం. 16వ శతాబ్దంలో ఇంగ్లాండులోని బారోడేల్‌లో మేలైన గ్రాఫైట్ దొరికింది. అప్పటివారు దానిని సీసం జాతి ఖనిజమని పొరబడ్డారు. ఆ పేరు నేటికీ పోలేదు.

1795లో ఫ్రాన్సు దేశస్థుడు కాంటే, గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి, కడ్డీలుగా చేసి కాల్చే పద్ధతి కనిపెట్టాడు. మట్టి పాలు పెరిగితే కడ్డీ గట్టిపడుతుంది, గీత లేతగా పడుతుంది. మట్టి తగ్గితే కడ్డీ మెత్తబడుతుంది, గీత నల్లగా పడుతుంది. 'హెచ్' గుర్తు గట్టిదనాన్ని, 'బి' గుర్తు నలుపును తెలుపుతాయి. రాతకు సాధారణంగా హెచ్‌బి, బొమ్మల్లో నీడలు వేయడానికి 2బి, 4బి వాడతారు. అయితే ఒక కంపెనీ హెచ్‌బి, మరొక కంపెనీ హెచ్‌బితో అచ్చంగా సమానం కాకపోవచ్చు. పోల్చి చూడవలసిన అవసరం ఇక్కడే వస్తుంది.

14.4 పైని కర్ర

పెన్సిలు ఒకే కర్రకు బెజ్జం వేసి చేసినది కాదు. పలుచని చెక్కపలకకు వరుసగా గాడులు తీస్తారు. గాడుల్లో కడ్డీలు ఉంచి, అలాంటిదే మరో పలకను జిగురుతో అతికిస్తారు. ఆరిన తరువాత పెన్సిళ్లుగా కోస్తారు.

అమెరికాలో మొదట ఎర్ర సెడార్ కర్ర వాడేవారు. 20వ శతాబ్దం తొలినాళ్లకు అది తరిగిపోవడంతో పాత కంచెల కర్రను కూడా కొని పెన్సిళ్లు చేశారు. తరువాత కాలిఫోర్నియాలోని మరో రకం సెడార్‌కు మారారు. మన దేశంలో పెన్సిలు పలకలకు కాశ్మీరు లోయలోని పోప్లార్ కర్ర ముఖ్య ఆధారం. దేశ అవసరంలో దాదాపు 90 శాతం ఆ లోయ నుండే తీరుతుందని 2020 అక్టోబరులో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్' ప్రసంగంలో చెప్పారు. పుల్వామా జిల్లాలోని ఊఖూ గ్రామం ఈ పలకలకు పేరు పొందింది.

రంగు పూస్తే ఈ కర్ర కనబడదు. రంగు లేకుండా, లేదా పలుచని వార్నిష్ మాత్రమే పూసి వదిలిన పెన్సిలులో కర్ర చారలు, రెండు పలకలు అతికిన గీత కంటికి కనిపిస్తాయి. నేర్చుకునేవారికి ఇది మేలు.

14.5 పోల్చే పద్ధతి

గ్రేటర్ నోయిడాలో భవనాల పనికి వచ్చి స్థిరపడిన ఒక తెలుగు వడ్రంగి పదవ తరగతి పరీక్షకు చదువుతున్నాడనుకుందాం. ఆయన దుకాణంలో "బినా రంగ్ కీ పెన్సిల్" అని అడిగి, వేరువేరు కంపెనీల హెచ్‌బి పెన్సిళ్లు మూడు తెచ్చాడు. ఒక్కొక్కదానికి చీటీ కట్టి కంపెనీ పేరు, ధర, కొన్న తేదీ రాశాడు. తరువాత ఇలా చేశాడు:

1. చూడడం: చివర కడ్డీ నట్టనడుమ ఉందా? పక్కకు జరిగి ఉంటే మొనకు ఒకవైపు ఆసరా తగ్గుతుంది. కర్ర చారలు పొడవునా తిన్నగా ఉన్నాయా?
2. చెక్కడం: మూడింటినీ ఒకే షార్ప్‌నర్‌తో చెక్కాడు.
3. రాయడం: ఒకే రకం కాగితం మీద పదేసి పంక్తులు రాసి, మొన ఎన్నిసార్లు విరిగిందో లెక్కపెట్టాడు.
4. గీయడం: 2 సెంటీమీటర్ల చదరం గీసి, లేత నుండి నలుపు దాకా నింపాడు.
5. చెరపడం: ఒకే రబ్బరుతో చెరిపి మరక చూశాడు.

పెన్సిలు తప్ప మరేదీ మార్చలేదని గమనించండి. కాగితం కూడా మార్చి ఉంటే, తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేము.

ఒక్క పెన్సిలే విరిగితే లోపం దానిదే కావచ్చు. కింద పడిన పెన్సిలులో కడ్డీ లోపలే ముక్కలై ఉండవచ్చు. మూడూ విరిగితే ముందు షార్ప్‌నర్ బ్లేడు పదును చూడండి. అదీ బాగుంటే, మీరు ఒత్తి రాస్తున్నారేమో గమనించండి. నలుపు కోసం ఒత్తేవారు 'బి' పెన్సిలుతో తేలికగా రాస్తే చాలు.

చార ఏటవాలుగా ఉన్న కర్ర చిత్రిక పట్టేటప్పుడు పెచ్చు లేస్తుందని మన వడ్రంగికి ముందే తెలుసు. పెన్సిలు చెక్కేటప్పుడూ అదే జరుగుతుంది. బడికి దూరమైన ఏళ్లలో ఆయన నేర్చిన పని ఇక్కడ పాఠమైంది. మీకు తెలిసిన పనిని కూడా ఇలాగే వాడుకోండి.

పాఠగత ప్రశ్నలు

1. కడ్డీలో మట్టి పెరిగితే గీత ఎలా మారుతుంది?
2. పోల్చేటప్పుడు కాగితం ఎందుకు మార్చకూడదు?
3. మీ ఇంట్లో ఉన్న రెండు పెన్సిళ్లను పై పద్ధతిలో పోల్చి, ఐదు వాక్యాలు రాయండి.

14.6 సారాంశం

పెన్సిలు కడ్డీ గ్రాఫైట్, మట్టి కలిసినది. కర్ర తీరు, కడ్డీ ఉన్న చోటు, షార్ప్‌నర్ పదును, చేతి ఒత్తిడి – ఇవన్నీ రాతపై ప్రభావం చూపుతాయి. ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తే అసలు కారణం తెలుస్తుంది. పరీక్షించకుండా మీ చేతిని నిందించుకోకండి.

జవాబులు

1. లేతగా పడుతుంది.
2. తేడా పెన్సిలు వల్ల వచ్చిందో, కాగితం వల్ల వచ్చిందో తెలియదు కాబట్టి.
3. మీరే రాసి, అధ్యయన కేంద్రంలో మీ ఉపాధ్యాయులకు చూపండి.