వేసవి సెలవులు - కళాశాల చదువుకు ముందుచూపు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ నెల చివరివారంలో మన అల్లూరు ప్రాంతపు ఉన్నత పాఠశాలలకు సెలవులు ఇస్తారు. తిరిగి జూన్ రెండవ వారంలో గాని బడిగంట మోగదు. ఈ నడుమ గల ఏడు వారాల కాలాన్ని ఎట్లు గడపవలెనన్నది పూర్వం ఎవరికీ ప్రశ్న కాదు. ఉదయం మసీదులో దీనియాత్ పాఠాలు, మధ్యాహ్నం చెట్టునీడ, సాయంకాలం చెరువుగట్టు, మధ్యలో నాలుగు రోజులు అమ్మమ్మగారి ఊరు, ఒకనాడు ఇసకపల్లి సముద్రతీరం - వీటితో వేసవి గడచిపోయేది. నేడు పరిస్థితి మారినది. ఎనిమిదవ తరగతి ముగియక ముందే ‘ఫౌండేషన్’ అని, ‘బ్రిడ్జి కోర్సు’ అని రంగురంగుల కరపత్రాలు ఇంటికి వస్తున్నవి. పంపకపోతే బిడ్డ వెనుకబడిపోతుందేమోనన్న భయం ఒకవైపు, పంపుదామంటే చేతిలో పైకం లేని స్థితి మరొకవైపు తల్లిదండ్రులను కలవరపెడుతున్నవి.

అధ్యాపకులుగా ఈ విషయమై మేము కొంత ఆలోచించినాము. మా ఆలోచన సారాంశం ఇది: మన కుటుంబాలకు అన్నిటికన్న ముందు కొరవడినది వేళకు అందే సమాచారం. ‘అదను చూసి పొదలో చల్లినా పండుతుంది’ అన్నది సేద్యగాళ్ళ సామెత. నారు పోసే అదను మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. బిడ్డ చదువుకు గల అదను మాత్రం అతనికి ఎవరో ఒకరు చెప్పవలసి ఉన్నది.

గత మే నెలలో జరిగిన ఒక సంఘటన మాకీ సంగతిని బోధపరచినది. రొయ్యల గుంటల వద్ద కాపలా పని చేసే ఒక తండ్రి మిట్టమధ్యాహ్నం వేళ తన కుమార్తెను వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చినాడు. “పాప తొమ్మిది పాసయింది సార్. టౌన్లో నలభై రోజుల క్లాసులంట. వాళ్ళమ్మ గొలుసు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చినాను. కట్టేదా వద్దా, మీరే చెప్పండి” అన్నాడు. అక్కడ ఏమి బోధిస్తారని అడిగితే అతనికి తెలియదు. ఆ బాలికను అడిగినాము. ఆమె ఎనిమిదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, తొమ్మిదిలో ఇంగ్లీషు మాధ్యమానికి మారినది. తలవంచుకొని ఒక్క మాట చెప్పినది: “లెక్క అర్థమవుతుంది సార్. ప్రశ్నే అర్థం కాదు.”

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడినది. సైన్సులో ఆమెకు వచ్చిన మార్కులు చూచినప్పుడు మరొక సంగతి మనసుకు తట్టినది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2019లో ‘యువిక’ అనే పేరుతో వేసవి కార్యక్రమాన్ని ప్రారంభించినది. తొమ్మిదవ తరగతి చదువుతున్న వారికే అందులో అర్హత. ఎంపికైన వారు సుమారు రెండు వారాలు సంస్థకు చెందిన కేంద్రాలలో ఉండి శాస్త్రజ్ఞుల వద్ద నేర్చుకుంటారు. ప్రయాణ, వసతి ఖర్చులు సంస్థయే భరిస్తుంది. ఆ కేంద్రాలలో మన తీరంలోని శ్రీహరికోట కూడ ఒకటి. ఎనిమిదవ తరగతి మార్కులు ఎంపికకు ముఖ్యమైన ఆధారం. గ్రామ పంచాయతీ పరిధిలోని పాఠశాలలలో చదివేవారికి అదనపు ప్రాధాన్యం ఇస్తారు. ఆ బాలిక వంటి వారి కోసమే ఏర్పరచినదా అనిపించే అవకాశమిది. అయితే దరఖాస్తుల గడువు మార్చి నెలలోనే ముగిసినది. ఆ ప్రకటన మా గ్రంథాలయపు గోడపై నెల రోజులు ఉండినది. మేము దానిని చదివినాము. చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు వెళ్ళి ఒక్కరికైనా చెప్పలేదు. ఈ లోపం మాదేనని ఒప్పుకొనుచున్నాము.

శ్రీహరికోట పేరు వచ్చినది గనుక ఒక మహనీయుని జీవితంలోని ఘట్టాన్ని ఇక్కడ స్మరించుట సముచితం. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం 1931లో రామేశ్వరంలో జన్మించినారు. రామనాథపురంలోని ష్వార్ట్జ్ ఉన్నత పాఠశాలలో చదివి, తిరుచ్చి సెయింట్ జోసెఫ్ కళాశాలలో ఇంటర్మీడియెట్, తరువాత భౌతికశాస్త్రంలో పట్టా చదువు పూర్తి చేసినారు. తనకు తగిన రంగం ఇంజనీరింగ్ అని ఆయనకు తెలిసినది పట్టా చదువు ముగిసే దశలో. ఇంటర్మీడియెట్ అయిన వెంటనే ఆ చదువులో చేరి ఉండవచ్చునన్న సంగతి ఆనాడు తనకు తెలియదని ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ అన్న స్వీయచరిత్రలో వ్రాసుకొన్నారు. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రవేశం లభించినప్పుడు రుసుము కట్టుటకు తండ్రి వద్ద పైకం లేదు. సోదరి జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి ఆదుకొన్నది. ఆయన సారథ్యంలో రూపొందిన ఎస్.ఎల్.వి.-3 వాహనం 1980 జూలై 18న శ్రీహరికోట నుండి లేచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినది.

అంతటి ప్రతిభావంతునికి కూడ ఆలస్యం తప్పలేదు. తెలివితేటలు ఉన్నవి, చెప్పేవారు లేరు. ఇక నగల సంగతి. జొహరా గాజులు అప్పటికే చేతికందిన ప్రవేశం కోసం తాకట్టుకు వెళ్ళినవి. మా వద్దకు వచ్చిన తండ్రి తెచ్చినది ఏమి బోధిస్తారో తెలియని తరగతుల కోసం. చదువుకై నగ తాకట్టు పెట్టుటలో తప్పు లేదు. దేనికై పెట్టుచున్నామో తెలుసుకొని పెట్టవలె.

పదవ తరగతి తరువాతి దారులు

కళాశాల విద్యను గూర్చి ఆలోచించుటకు పదవ తరగతి ఫలితాల వరకు ఆగనవసరం లేదు. తొమ్మిదవ తరగతి ముగిసిన వేసవి అందుకు తగిన కాలం. పదవ తరగతి తరువాత మన బిడ్డల ముందు ముఖ్యంగా నాలుగు దారులు ఉన్నవి.

మొదటిది రెండేళ్ళ ఇంటర్మీడియెట్. గణితం తీసుకొననివారికి ఇంజనీరింగ్, జీవశాస్త్రం తీసుకొననివారికి వైద్యవిద్య ఆ తరువాత దాదాపు అందనివి అవుతవి. చరిత్ర, పౌరశాస్త్రం, వాణిజ్యశాస్త్రం తీసుకొన్నవారికి పట్టా చదువులతో పాటు ఐదేళ్ళ న్యాయవిద్య కూడ ఉన్నదని చాలామందికి తెలియదు. ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాలలలో వసతి, భోజనం ఉచితం. వాటి ప్రవేశ పరీక్షలో అడిగేది పదవ తరగతి పాఠాలే.

రెండవది మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా. ‘పాలిసెట్’ ప్రశ్నలు కూడ పదవ తరగతి గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల నుండే వస్తవి. డిప్లొమా తరువాత ‘ఈసెట్’ వ్రాసి ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చును. ఉర్దూ చదివిన వారికి మరొక సౌకర్యం ఉన్నది. 1998లో హైదరాబాదులో నెలకొల్పబడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కడపలో ఒక పాలిటెక్నిక్‌ను నడుపుతున్నది.

మూడవది 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలలో పదవ తరగతి మార్కుల ఆధారంగా చేర్చుకొని ఆరేళ్ళలో ఇంజనీరింగ్ పట్టాతో పంపుతారు. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కొంత అదనపు ప్రాధాన్యం కలదు. నాలుగవది ఐ.టి.ఐ. త్వరగా పని నేర్చి సంపాదించవలసిన కుటుంబాలకు ఇది గౌరవప్రదమైన మార్గం.

ఈ నాలుగింటిని పరిశీలించిన ఎవరికైనా ఒక విషయం స్పష్టమవుతుంది. అన్ని దారులకు తాళంచెవి పదవ తరగతి పాఠాలలోనే ఉన్నది. కనుక తొమ్మిది ముగిసిన వేసవిలో ఇంటర్మీడియెట్ పాఠాలను ముందుగా వల్లె వేయించే తరగతుల కన్న, ఆరు నుండి తొమ్మిది వరకు ఎక్కడ పునాది బీటవారినదో చూచి పూడ్చే పని ఎక్కువ ఫలితమిస్తుంది.

మూడు గళ్ళ పుస్తకం

“ప్రశ్నే అర్థం కాదు” అన్న ఆ బాలిక మాటకు మా వద్ద ఒక సమాధానం ఉన్నది. ఉర్దూలో శాస్త్ర పదాలకు కొరత లేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినప్పుడు దాని అనువాద శాఖ వేలాది పారిభాషిక పదాలను సమకూర్చినది. తెలుగులో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇట్టి పనినే చేసినది. మన విద్యార్థి ఈ రెండు సంపదలకు వారసుడు. అయితే పరీక్ష గదిలో అతనికి ఎదురయ్యే మాట మూడవ భాషలో ఉంటున్నది.

అందుకే ఒక నోటుపుస్తకంలో ప్రతి పేజీని మూడు గళ్ళుగా విభజించమని ఆ బాలికకు చెప్పినాము. ముసల్లస్ - త్రిభుజం - ట్రయాంగిల్. ఖువ్వత్ - బలం - ఫోర్స్. జియాయీ తాలీఫ్ - కిరణజన్య సంయోగక్రియ - ఫోటోసింథసిస్. దినానికి పది పదాలు చొప్పున నలభై రోజులలో నాలుగు వందల పదాలు అవుతవి. ప్రతి పదానికి ఒక చిన్న లెక్కయో బొమ్మయో జతపరచవలె. దీనికి అయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం వెల. తెలుగు మాధ్యమం నుండి వచ్చేవారికి రెండు గళ్ళు చాలును.

కాగితాల సంగతి

వేసవిలో తండ్రి చేయదగిన పని కూడ ఒకటి ఉన్నది. మన ఇండ్లలో ఒకే బిడ్డ పేరు బడి రికార్డులో ఒక తీరున, ఆధార్ కార్డులో ఒక తీరున, రేషన్ కార్డులో మరొక తీరున ఉండుట సాధారణం. ఒకచోట ‘షేక్’ ముందు వస్తుంది, మరొకచోట చివర వస్తుంది. ‘మహమ్మద్’ అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాల వ్రాస్తారో లెక్క లేదు. పదవ తరగతి మార్కుల పత్రంపై అచ్చయిన పేరే జీవితాంతం చెల్లుతుంది. ఆ తరువాత దిద్దించుట మిక్కిలి కష్టం. కనుక పరీక్షకు పేర్లు పంపక ముందే, తొమ్మిదవ తరగతి వేసవిలోనే, అన్ని పత్రాలలో పేరు, పుట్టినతేది ఒకే విధంగా ఉండునట్లు సరిచేయించవలె.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు కూడ ముందుగానే సిద్ధం చేసుకొనవలె. 2007 నాటి చట్టం ముస్లింలలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ విభాగం కింద 4 శాతం ప్రత్యేకత కల్పించినది. షేక్ వర్గం ఆ జాబితాలో ఉన్నది. సయ్యద్, పఠాన్, మొగల్ వర్గాలు లేవు. అట్టివారు ఆదాయ పరిమితికి లోబడి, 2019 నుండి అమలులోనున్న ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటాను పరిశీలించవచ్చును. చిన్న తరగతుల బిడ్డలున్న వారు మరొక సంగతి గుర్తుంచుకొనవలె. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువుతుండగా జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష వ్రాసి ఎంపికైనవారికి, తొమ్మిది నుండి ఇంటర్మీడియెట్ వరకు ఏటా 12,000 రూపాయలు లభిస్తవి. ఎనిమిది దాటితే ఈ అదను తిరిగి రాదు.

శిక్షణ తరగతులకు పంపదలచినచో

వేసవి శిక్షణలన్నీ వ్యర్థమని మేము చెప్పుట లేదు. శ్రద్ధగా బోధించే చోట్లు కూడ ఉన్నవి. పైకం కట్టే ముందు తల్లిదండ్రులు ఐదు ప్రశ్నలు అడుగవలె. బోధించేది బిడ్డకు రాని పాఠాలనా, రాబోయే తరగతి పాఠాలనా? ఏ భాషలో బోధిస్తారు? వసతి, బస్సు, పుస్తకాలతో కలిపి మొత్తం ఎంత అవుతుంది? మధ్యలో మానితే ఎంత తిరిగి ఇస్తారు? ఇంటర్మీడియెట్ కూడ అక్కడే చేరవలెనన్న షరతు ఉన్నదా? సమాధానాలు నోటిమాటగా గాక కాగితంపై తీసుకొనుట మేలు.

ఇన్నిటికన్న ముఖ్యమైన ఆరవ ప్రశ్న బిడ్డను అడుగవలసినది: “నీకేమి చదువవలెనని ఉన్నది?” మగబిడ్డను ఈ ప్రశ్న అప్పుడప్పుడైనా అడుగుతారు. ఆడబిడ్డను అడిగే ఇండ్లు ఇంకను తక్కువ. పదవ తరగతి తరువాతి వేసవిలో ఆమె పుస్తకాల సంచి అటకెక్కుటయా, భుజానికెక్కుటయా అన్నది అంతకు ముందు వేసవిలో ఇంట జరిగిన మాటలను బట్టి ఉంటుంది.

విద్యార్థులకు, కళాశాల కమిటీవారికి

ఆ తండ్రి ఆనాడు కొంతసేపు మౌనంగా కూర్చున్నాడు. పైకం కట్టలేదు. మరునాడే గొలుసు విడిపించినానని తరువాత కబురు పంపినాడు. ఆ బాలిక వేసవి అంతయు మా గ్రంథాలయానికి వచ్చి మూడు గళ్ళ పుస్తకాన్ని నింపినది. ఇప్పుడు ఆమె పదవ తరగతి చదువుతున్నది. ఫలితం ఎట్లుండునో మేము ముందుగా చెప్పజాలము. ప్రశ్న మాత్రం ఇప్పుడు ఆమెకు అర్థమవుతున్నది. శ్రీహరికోట అవకాశం మాత్రం ఆమెకు తిరిగి రాదు.

కనుక కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ప్రతి జనవరి మాసంలో మన అధ్యాపకులు ఇద్దరు, ఉర్దూ తెలిసినవారొకరు, తెలుగు తెలిసినవారొకరు, చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు వెళ్ళి తల్లిదండ్రుల సమక్షంలో ఆ యేటి దరఖాస్తుల తేదీలను రెండు భాషలలో చదివి వినిపించవలె. మసీదుల వద్ద, రచ్చబండల వద్ద ఆ పట్టికను అంటించవలె. మన విద్యార్థులు తమ వీధిలోని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు దరఖాస్తు నింపుటలో తోడ్పడవలె. దీనికి భవనాలు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. మన గోడపై ఉన్న కాగితాన్ని వారి గడప వరకు చేర్చే శ్రద్ధ చాలును. వచ్చే మే నెలలో ఏ తండ్రియు గొలుసు చేతబట్టుకొని ఆలస్యంగా మన గుమ్మం ఎక్కకుండ చూచుట మన బాధ్యత.