మాసిన చిహ్నము

పూర్వము రాజులకు లాంఛనము లుండెడివి. ఏలూరునకు చేరువనున్న పెదవేగి ఒకప్పుడు వేంగీ రాజ్యమునకు రాజధాని. ఆ రాజ్యము నేలిన తూర్పు చాళుక్యులు రాగిరేకులపై దానశాసనములు చెక్కించి, ఆ రేకులను కూర్చిన వలయమునకు ముద్ర వేయించెడివారు. ఆ ముద్రపై వరాహరూపమును, 'శ్రీ త్రిభువనాంకుశ' అను బిరుదమును కనబడును. ముద్రను చూచినంతనే ఆ శాసన మెవరిదో తెలియును. నేటి కార్ల ముందుభాగమున మెరయు లోహపు గుర్తులును ఇట్టివే. బండి ఏ కార్ఖానలో పుట్టినదో అవి చెప్పును. అట్టి చిహ్న మొకటి మాసిపోగా, ఇంటివద్దనే బాగుచేయబోయి నేను చేసిన పొరపాటును, పిమ్మట నేర్చుకొనిన పనిని ఈ పాఠమున చెప్పెదను.

మా తమ్మునికి ఒక అంబాసిడర్ కారు ఉండెను. 1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్స్ అను సంస్థ, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కార్ఖానలో ఈ కార్లను తయారుచేసెను. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దీనికి మాతృక. 1957లో మొదలైన ఈ కార్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది. మా తమ్ముడు 1994లో ఒక పాత అంబాసిడరును కొని, ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ అద్దెకు త్రిప్పెను. ఆ దారి సుమారు 50 కిలోమీటర్లు. పెండ్లివారు, ఆసుపత్రికి పోవు రోగులు, పరీక్షలు వ్రాయబోవు పిల్లలు ఎందరో ఆ బండి ఎక్కిరి. వానకాలమున కొల్లేటి గట్లమీది బురదలోగూడ అది తిరిగెను.

ఆరేండ్ల క్రిందట మా తమ్ముడు కాలధర్మము చెందెను. నాటినుండి ఆ బండి కైకలూరు వైపునున్న మా పల్లెలో, చేపల చెరువుల ప్రక్కన, ఒక రేకుల షెడ్డులో నిలిచియుండెను. గడచిన వేసవిలో పాతసామానుల వ్యాపారి యొకడు వచ్చి, దానిని తూకమునకు కొందుననెను. మా మరదలు ఏమియు చెప్పలేక నావంక చూచెను. ఉపయోగములేని వస్తువును ఉంచుకొనుట ఏలనని నేను ఒప్పుకొనబోతిని. అప్పుడు పదవ తరగతి చదువుచున్న మా తమ్ముని కుమార్తె అడ్డు వచ్చి, "పెదనాన్నా! నాన్న ప్రతి ఆదివారమును ఈ పేరును తుడిచెడివాడు. అమ్ముటకు ముందు దీని నొక్కమారైన శుభ్రము చేయుదము" అనెను. కాదనుటకు నాకు నోరాడలేదు. వ్యాపారిని పది దినముల తరువాత రమ్మంటిమి.

ఆ బండికి రెండు చిహ్నములు కలవు. ముందు బానెట్ మీద ఒక గుర్తు. వెనుక డిక్కీమీద 'అంబాసిడర్' అను అక్షరములు. రెండును మబ్బువలె మాసియుండెను. అక్కడక్కడ తెల్లని పొడి పేరుకొనెను. నేను ముప్పదియేండ్లు పిల్లలకు బుద్ధులు చెప్పినవాడను. ఈపాటి పని నాకు తెలియకుండునా యనుకొంటిని. తలుపులకు రంగు వేయునపుడు వాడిన ఉప్పుకాగితము ఇంటిలో ఉండెను. దానిని తీసికొని ముందు గుర్తు అంచును గట్టిగా రుద్దితిని. మొదట మెరుపు వచ్చెను. నాకు ఉత్సాహము కలిగెను. మరికొంత రుద్దగా మెరుపు పసుపుచాయకు తిరిగెను. ఇంకను రుద్దితిని.

"పెదనాన్నా, ఆపండి! లోపలినుండి ఎర్రగా ఏదో వచ్చుచున్నది" అని ఆ పిల్ల కేక వేసెను. చూచితినిగదా, గోరంత మేర రాగిరంగు బయటపడియుండెను. అది మురికి కాదు. చిహ్నము యొక్క చర్మమునే నేను ఒలిచివేసితిని!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తండ్రి వస్తువును శుభ్రము చేయుమని పిల్ల కోరగా, నేను దానిని గాయపరచితినిగదా! మరునాడు ఏలూరులో మోటారు పని తెలిసిన ఒక వృద్ధుని కడకు ఇద్దరము పోతిమి. ఆయన "అయ్యా! వస్తువు దేనితో చేసిరో తెలియకముందు దానిపై చేయి వేయరాదు" అనెను. అనేక సంవత్సరములు బడిలో నేను చెప్పవలసిన మాటను ఆయన నాకు చెప్పెను.

ఆ చిహ్నము దేనితో చేయబడినది? పాతకార్ల గుర్తులు అనేకము తుత్తునాగముతో, అనగా జింకు మిశ్రలోహముతో, పోతపోసినవి. ఆ మిశ్రలోహమున సుమారు నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం కలియును. పోతపై మొదట రాగిపూత, దానిపై నికెల్ పూత, అన్నిటికంటె పైన క్రోమియం పూత వేయుదురు. విద్యుత్తు సాయమున లోహముపై లోహమును పూయు ఈ విద్యను 1805లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బ్రున్యాతెల్లి బంగారముతో చేసి చూపెను. క్రోమియం పూత మాత్రము 1920ల దశకమున గాని వాడుకలోనికి రాలేదు. ఈ క్రోమియం పొర మిక్కిలి పలుచన. మందము సాధారణముగా ఒక మైక్రానులో సగమునకు మించదు. మన తలవెంట్రుక మందము 50 మైక్రానులకు తక్కువ యుండుట అరుదు. ఇక ఉప్పుకాగితమునకు ఆ పొర ఎంత సేపు నిలుచును? నేను చూచిన పసుపుచాయ నికెల్‌ది, ఎరుపు రాగిది.

మరి తెల్లని పొడి ఎక్కడిది? క్రోమియం పూతలో కంటికి కనబడని సన్నని పగుళ్లుండును. మా పల్లెలో తెల్లవారుజామున మంచు కురియును. చెరువుల తేమ ఎల్లవేళల నుండును. కొల్లేరు మంచినీటి సరస్సే యైనను, సముద్రపు పోటునీరు వేసవిలో ఉప్పుటేరు గుండ ఎగువకు వచ్చును. కనుక ఆ ప్రాంతపు నీటిలోను బురదలోను కొంత ఉప్పు కలదు. ఉప్పుతో కూడిన తేమ పగుళ్ల గుండ లోనికి దిగినపుడు, నికెల్, జింకు అను రెండు లోహముల నడుమ ఒక చిన్న విద్యుద్ఘట మేర్పడును. మీరు ప్రయోగశాలలో చూచిన ఘటమునందువలెనే ఇక్కడను జింకు కరుగును. దానినుండి పుట్టిన తెల్లని పొడి ఎక్కువ చోటాక్రమించుటచే పైపూత బొబ్బవలె లేచి ఊడిపోవును. ఇది తెలిసిన పిదప, మురికి వేరు, తెగులు వేరు అని మేము గ్రహించితిమి. మురికిని ఇంటిలో తీయవచ్చును. తిన్న లోహమును ఇంటిలో తిరిగి తేజాలము.

మేము ఇల్లు చేరునప్పటికి మా మరదలు చింతపండు నానవేసి సిద్ధముగా నుంచెను. "బావగారూ, ఇత్తడి బిందెలు దీనితోనే గదా తళతళలాడును?" అనెను. "అమ్మా, ఇత్తడికి మంచిదే. కాని పులుపు జింకును తినివేయును. బొబ్బల క్రింద దిగినచో మిగిలిన పూతయు లేచిపోవును" అని చెప్పితిని. ఆమె నవ్వి, "అయిన ఈ పూట పులుసు చేసెదను" అని దానిని వంటింటిలోనికి తీసికొనిపోయెను.

ఇక పని క్రమమును వినుడు. మొదట చిహ్నములు ఉన్నవి ఉన్నట్లు ఫొటోలు తీసితిమి. తిరిగి బిగించునపుడు తప్పుపోకుండుటకు, అక్షరముల స్థానములను కాగితముపై గీసికొంటిమి. పిమ్మట వెనుకనుండి చూడగా చిన్న నట్లు కనబడెను. ఆ చిహ్నముల కాడలును జింకువే, పెనుగులాడినచో విరుగును. అందుచే నూనె చుక్కలు వేసి ఒక రాత్రి నానబెట్టి, ఉదయమున మెల్లగా విప్పితిమి. కొన్ని కార్లకు గుర్తులు జిగురుతో అంటించియుండును. అట్టివానిని స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు. ఎండలో కొంతసేపుంచి, గాలమునకు కట్టు నైలాను దారమును వెనుకగా పోనిచ్చి, రంపమువలె ఇటునటు లాగినచో రంగు చెడకుండ ఊడివచ్చును.

తరువాత గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి, మెత్తని పాత పండ్లకుంచెతో కడిగితిమి. అక్షరముల సందులందు ఏండ్లతరబడి దసరా పూజలకు పెట్టిన పసుపు కుంకుమలు గట్టిపడియుండెను. కొబ్బరి ఈనె కొనకు దూది చుట్టి వానిని నానబెట్టి తీసితిమి. బాగుగ ఆరిన పిదప, మెరుగుపెట్టు మెత్తని లేపనమును కనబడని అంచున మొదట పరీక్షించి, మంచి నూలుగుడ్డతో తేలికగా రుద్దితిమి. బొబ్బలున్న చోట్ల మాత్రము రుద్దలేదు.

అప్పుడొక వింత జరిగెను. వెనుక అక్షరముల పల్లములలో మురికి పోగా ఆకుపచ్చ రంగు కనబడెను. అది కార్ఖానలో వేసినది కాదు. కుంచె గీతలు హెచ్చుతగ్గులుగా నుండెను. ఆ పిల్ల చాలసేపు చూచి, "ఇది నాన్న వేసినది. కిటికీల రంగు మిగిలినపుడు వేసినాడు. నేను డబ్బా పట్టుకొన్నాను" అనెను. మా మరదలు వచ్చి చూచి, కొంగుతో కన్నులొత్తుకొనెను.

ఇప్పు డేమి చేయవలెను? కార్ఖాననుండి వచ్చిన మొదటి రూపమే సరియైనదని కొందరందురు. ఆ లెక్కన ఆకుపచ్చ రంగును గీకివేయవలెను. కాని ఆ రంగును గీకినచో మెరుపు హెచ్చును, తమ్ముని చేతిగురుతు పోవును. మునుపు ఉప్పుకాగితము నాకు నేర్పిన పాఠము గుర్తునకు వచ్చెను. తీసివేసినదానిని మరల తేలేము. ఉంచినదానిని ఎప్పుడైనను తీయవచ్చును. కావున ఆ రంగును అట్లే ఉంచితిమి.

ముందు గుర్తు పల్లములలో రంగు పూర్తిగా పోయియుండెను. అక్కడ మాత్రము క్రొత్తగా ఎనామెల్ రంగు వేసితిమి. సన్నని కుంచెతో రంగును పల్లము నిండ జారవిడిచి, అది కొంచెము గట్టిపడిన పిదప, చదునైన అట్టముక్కకు గుడ్డ చుట్టి, దానిపై ఒక్క చుక్క టర్పెంటైను వేసి, ఎత్తుభాగములపై పడిన రంగును తుడిచితిమి. గుడ్డ చదునుగా నుండుటచే పల్లములలోని రంగునకు తగులలేదు. రెండు దినములు దుమ్ము తగులని చోట ఆరనిచ్చితిమి. టర్పెంటైను ఆవిరి మంచిది కాదు. నిప్పునకు త్వరగా అంటుకొనును. కనుక వసారాలో, పొయ్యికి దూరముగా, పెద్దల ఎదుటనే ఈ పని చేయవలెను. చివరకు చిహ్నములకు ముందువెనుకల పలుచగా మైనము పూసి, నీరు నిలువకుండ చిన్న రబ్బరు బిళ్లలు పెట్టి యథాస్థానమున బిగించితిమి.

నేను ఒలిచిన మూలకు ఇంటిలోనే మరల క్రోమియం పూత వేయరాదా యని ఆ పిల్ల అడిగెను. వలదంటిని. ఆ పూతకు వాడుకలోనున్న క్రోమిక్ ఆమ్లము చర్మమును కాల్చును. దాని తుంపరలను పీల్చినవారికి క్యాన్సరు కలుగవచ్చును. అది తగిన ఏర్పాట్లుగల కార్ఖానలలో నేర్చినవారు చేయదగిన పని. కావున ఆ రాగిమచ్చ అట్లే యున్నది. దానిపై మైనము మాత్రము తరచుగా పూయుచున్నాను.

పదవ దినమున వ్యాపారి వచ్చెను. మా మరదలు ఈమారు నావంక చూడలేదు. "బండిని అమ్ముట లేదు" అని తానే చెప్పెను. చిహ్నము మెరసినంత మాత్రమున బండి నడువదు. యంత్రము బాగుచేయించవలెను, పాతబండికి పరీక్ష చేయించి, రిజిస్ట్రేషనును పునరుద్ధరించవలెను. ఆ వ్యయమునకై మా మరదలు నెలకు కొంత కూడబెట్టుచున్నది. పదునెనిమిదేండ్లు నిండి లైసెన్సు వచ్చిన నాడు, తొలుత పెదనాన్నను ఎక్కించుకొని తాడేపల్లిగూడెము వరకు పోయి వచ్చెదనని ఆ పిల్ల చెప్పుచున్నది.

బాలబాలికలారా! మీ యిండ్లలోను పాత వస్తువులుండును. తాతగారి గడియారము, నాయనమ్మ పెట్టె, మాసిన ఫలకము ఏదైనను కావచ్చును. వానిని శుభ్రముగా నుంచుట మంచిదే. కాని చేయి వేయుటకు ముందు అది దేనితో చేసినదో తెలిసికొనుడు. మురికి ఏదో, వస్తువు ఏదో, దానిని వాడినవారి గురుతు ఏదో వేరుపరచి చూడుడు. తెలియనిచో తెలిసినవారి నడుగుడు. అరువదియేండ్లు దాటిన పిమ్మట నేను అడిగితిని. మీరు ఇప్పుడే అడుగవచ్చును.

ప్రశ్నలు

1. రచయిత ముందు చిహ్నమునకు ఎట్లు హాని కలిగించెను? పసుపుచాయ, ఎరుపు రంగు వేనివి?
2. కొల్లేటి ప్రాంతమున లోహపు చిహ్నములపై తెల్లని పొడి ఏర్పడుటకు కారణమేమి?
3. ఇత్తడికి పనికివచ్చు చింతపండు ఈ చిహ్నమునకు ఏల పనికిరాదు?
4. ఆకుపచ్చ రంగును ఉంచుట సరియైన పనియేనా? మీ అభిప్రాయమును కారణములతో వ్రాయుడు.