ఆటకు పోదాం

బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర ఒక గల్లీ. చలికాలం. సాయంత్రం చదువు అయిపోయింది. పూలమ్మే వదిన ఒక కాగితం తెచ్చింది. కూడబలుక్కుంటూ చదివింది.

"సురభి నాటకం. మాయాబజార్. లలిత కళాతోరణం, పబ్లిక్ గార్డెన్స్. శుక్రవారం, సాయంత్రం 6-30."

"మా పిలగాడు శనివారం అన్నడే!" అన్నది పెద్దమ్మ. కాగితం తీసుకుని తానే చూసింది. శుక్రవారమే! విన్న మాటకూ రాసిన మాటకూ ఒక రోజు తేడా.

సురభి కడప జిల్లాలో ఒక ఊరు. 1885లో అక్కడ ఒక కుటుంబం నాటకం ఆడింది. ఆ ఊరి పేరే వాళ్ల నాటకాలకు వచ్చింది. ఆ కుటుంబాల వాళ్లు తరతరాలుగా ఆడుతున్నారు. ఆడవేషాలు ఆడవాళ్లే వేస్తారు. 400 ఏళ్ల కింద ఇంగ్లండులో షేక్‌స్పియర్ నాటకాలు కూడా పైకప్పు లేని చోట ఆడేవారు. కాని అక్కడ ఆడవేషాలు మగపిల్లలు కట్టేవారు.

"కళాతోరణానికి కూడా కప్పు లేదు. శాలువలు తెచ్చుకోండ్రి" అన్నది వదిన.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కాలి. పంజగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ. ఐదో స్టేషన్‌లో దిగాలి. పేర్లు తెలుగులో కూడా రాసి ఉంటాయి. ఎవరినీ అడగక్కరలేదు.

పక్కింటి కోడలు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "రాత్రిపూట మా ఆయన పోనియ్యడు" అన్నది.

"ఎవరెవరం పోతున్నమో, ఎప్పుడు వస్తమో రాసి ఇయ్యి బిడ్డా. నీ చేతిరాత చూడనీ" అన్నది పెద్దమ్మ.

కోడలు నోటుబుక్కు తీసింది. "తిరిగొచ్చే ఆఖరి రైలు ఎన్నింటికి?"

ఎవరికీ తెలియదు. పొద్దున స్టేషన్‌కు పోయి చూసొస్తానన్నది వదిన. అంత జాగా ఖాళీ పెట్టి, కోడలు రాయసాగింది.